నాణేలు, స్టాంపులు, గవ్వలు, రికార్డులు: సేకరించేవాళ్లందరిలో కలిసేది ఏమిటి?

నాణేల సంచి

నేను పాత నాణేలు సేకరిస్తాను. ఈ మధ్య ఈ ఆన్‌లైన్ ఫోరంలో స్టాంపులు, గవ్వలు, గ్రామఫోన్ రికార్డులు సేకరించేవాళ్లతో మాటలు కలుస్తున్నాయి. వస్తువులు వేరు గానీ అందరం పడే తర్జనభర్జనలు ఒకటే అనిపిస్తోంది. శుభ్రం చేయాలా, ఉన్నది ఉన్నట్టు ఉంచాలా? వాడుకోవాలా, దాచాలా? సెట్టులో ఆఖరి ఒక్కదాని కోసం ఎంత దూరం వెళ్లాలి? అసలో నకిలీయో ఎలా తేల్చాలి? మన తర్వాత ఇదంతా ఎవరిది?

ఇది ఈనాటి అలవాటు కూడా కాదు. రోమన్ చక్రవర్తి అగస్టస్ పండగ రోజుల్లో పాత రాజుల నాణేలు, పరదేశపు నాణేలు బహుమతిగా పంచేవాడని సుటోనియస్ రాశాడు. కవి పెట్రార్క్ రోమన్ నాణేలు పోగుచేసి, 1354లో నాలుగో చార్లెస్ చక్రవర్తికి కొన్నిటిని కానుకగా ఇచ్చాడు. వాటి మీద ఉన్న పాత చక్రవర్తుల్ని చూసి నేర్చుకోమన్నాడు కూడా.

అందరిలో కలిసేది ఏమిటని అడిగితే చాలామంది ‘వెతకడంలో ఉండే మజా’ అంటారు. నిజమే గానీ సరిపోదు. ఇల్లు కొనేవాళ్లూ వెతుకుతారు, దొరగ్గానే ఆపేస్తారు. మనం ఆపం. నాకు తోచింది ఏమిటంటే, సేకరించేవాడి కంటికి ముందు ఆనేది ఖాళీ గడి. ట్రేలో నిండుగా ఉన్నవాటి మీదకన్నా లేనిదాని మీదే చూపు పోతుంది. ఆ ఖాళీని ఎవరు గీస్తున్నారు, ఎందుకు గీస్తున్నారు? మీ మీ రంగాల్లోంచి చెప్పండి. ‘ఆనందం’, ‘జ్ఞాపకాలు’ లాంటి పెద్ద మాటలు పక్కనపెట్టి, పని ఎలా జరుగుతుందో చెబితే బాగుంటుంది.

స్టాంపుల పెట్టె

గడి దానంతట అది పుట్టదండీ. ముందు హద్దు గీసుకోవాలి.

అందరికీ తెలిసిన పెన్నీ బ్లాక్‌నే తీసుకోండి. 1840 మే 6 నుంచి బ్రిటన్‌లో చెల్లుబాటైంది. ప్రపంచంలో మొట్టమొదటి అంటించే తపాలా బిళ్ల. దాదాపు 6 కోట్ల 80 లక్షలు అచ్చువేశారు కాబట్టి పేరున్నంత అరుదేమీ కాదు. ఒకటి సంపాదిస్తే చాలనుకునేవారికి పని అక్కడితో అయిపోతుంది. కానీ ఒక షీటులో 240 స్టాంపులు ఉంటాయి, 20 వరసలు, వరసకు 12. ప్రతిదాని కింది మూలల్లో రెండు అక్షరాలు. మొదటి స్టాంపుకు ఏ-ఏ, చివరిదానికి టి-ఎల్. నకిలీలు చేసేవాళ్లను ఇబ్బంది పెట్టడానికి పెట్టిన అక్షరాలవి. వాటిని బట్టి ఏ స్టాంపు షీటులో ఏ చోట ఉండేదో ఇవాళ కూడా చెప్పొచ్చు. దాంతో కొందరు ఒకే అచ్చు ప్లేటు నుంచి వచ్చిన 240 స్టాంపుల్నీ విడివిడిగా వెతికి, షీటు మొత్తాన్ని మళ్లీ పేర్చే పని పెట్టుకున్నారు. ఒక్క గడి ఉన్నచోట 240 గడులు వచ్చాయి. స్టాంపు అదే, గీత మారిందంతే.

అసలు గీతే గీయకుండా ప్రపంచం మొత్తాన్ని సేకరించాలని చూసిన మనిషి ఫిలిప్ ఫెరారీ. పారిస్‌లో పెద్ద ఆస్తికి వారసుడు. 1856 నాటి బ్రిటిష్ గయానా ఒక సెంటు మెజెంటా, ప్రపంచంలో ఒక్కటే మిగిలిన స్టాంపు, ఆయన దగ్గరే ఉండేది. తన సేకరణంతా బెర్లిన్ తపాలా మ్యూజియానికి రాసిచ్చి 1917లో పోయారు. అది యుద్ధకాలం. ఫ్రెంచ్ ప్రభుత్వం దాన్ని శత్రువు ఆస్తిగా జప్తుచేసి 1921 నుంచి 1925 దాకా విడతలుగా వేలం వేసింది. ఆ స్థాయిలో అన్నీ సంపాదించాలని చూసే ఓపికా డబ్బూ ఆ తర్వాత దాదాపు ఎవరికీ లేకపోయాయి. ఇప్పుడు చాలామందిమి ఏదో ఒక దేశం, ఒక కాలం, ఒక విషయం అని గీత గీసుకునేవాళ్లమే. నా మటుకు నాకు సేకరణలో తెలివంతా ఆ గీతలోనే కనబడుతుంది.

అట్టముక్క

నేను స్టిక్కర్లు, ఆటగాళ్ల కార్డులు సేకరిస్తాను. ఖాళీ గడి గురించి లెక్కల్లో ఒక పాత సమస్య ఉంది. 100 రకాల స్టిక్కర్లు సమానంగా అచ్చయ్యాయనుకోండి. మీరు కవరు తెరిచిన ప్రతిసారీ ఏదో ఒకటి వస్తుంది. ఆల్బమ్ నిండాలంటే సగటున ఎన్ని తెరవాలి? దాదాపు 519.

ఇక్కడ చూడాల్సింది మొత్తం కాదు, దారి. మొదటి 50 గడులు నిండటానికి సగటున 69 చాలు. చివరి ఒక్క గడికే సగటున 100 కావాలి. అంటే సగం ఆల్బమ్‌కు పట్టిన దానికన్నా ఆఖరి స్టిక్కర్‌కు ఎక్కువ శ్రమ. ‘ఒక్కటే మిగిలింది, అదే దొరకట్లేదు’ అనే బాధ దురదృష్టం వల్ల వచ్చేది కాదు. లెక్క ఉన్నదే అలా.

దీని నుంచి బయటపడే దారి మార్పిడి. మీ దగ్గర మూడున్న స్టిక్కరు ఇంకొకరి ఆఖరి గడి కావచ్చు. పదిమంది కలిసి మార్చుకుంటే ఒక్కొక్కరూ తెరవాల్సిన కవర్లు బాగా తగ్గిపోతాయి. అందుకే ఏ రంగంలోనైనా సేకరించేవాళ్లకు క్లబ్బులు, సంతలు, ఇలాంటి చర్చలు తప్పవు. ఒంటరిగా చేసే పనిలా కనబడుతుంది గానీ దీన్ని ఒంటరిగా పూర్తిచేయడం చాలా కష్టం.

మధ్యాహ్నం

నేను ఏదీ సేకరించను, చదువుతూ ఉంటాను. ఒక సందేహం. పాత పేపర్లు, డబ్బాలు, తెగిన వైర్లు ఏదీ పారేయలేక ఇల్లంతా నింపుకునేవాళ్లూ ఉంటారు కదా. మా బంధువుల్లో అలాంటి ఒకాయన ఉన్నారు. ఆయన కూడా ‘ఇది దొరకదు’ అనే అంటారు. మీకూ ఆయనకూ తేడా ఎక్కడ? ఎగతాళికి అడగట్లేదు, నిజంగా తెలుసుకోవాలని.

పాత కాగితం

మంచి ప్రశ్న అండీ. నేను పాత ఉత్తరాలు, పోస్టుకార్డులు సేకరిస్తాను, ఈ ప్రశ్న ఇంట్లో చాలాసార్లు విన్నాను.

ఏదీ వదులుకోలేక పోగుపడేయడాన్ని అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో వచ్చిన డీఎస్ఎమ్-5 అనే మానసిక రుగ్మతల గ్రంథంలో విడిగా ఒక రుగ్మతగా చేర్చింది. అక్కడ చూసేది వస్తువుల సంఖ్య ఒక్కటే కాదు. పారేయాలంటే విపరీతమైన బాధ, గదులు గదులుగా వాడుకోలేనంత చిందరవందర, దానివల్ల రోజువారీ బతుకు దెబ్బతినడం. మీ బంధువుకు ఆ స్థితి ఉంటే అది మందలింపుతో పోయేది కాదు, వైద్యుల సాయం కావాలి.

సేకరించేవాడు ఎక్కువసార్లు చేసే పని వద్దనడం. ఒక పెట్టెడు పోస్టుకార్డులు చూసి రెండు తీసుకుంటాను. దగ్గరున్నదానికన్నా మంచి ప్రతి దొరికితే పాతది ఇచ్చేస్తాను. ఏది ఎక్కడుందో చీకట్లో కూడా చెప్పగలను. హద్దు గురించి స్టాంపుల పెట్టె గారు చెప్పింది ఇక్కడ కూడా పనికొస్తుంది. గీతకు అవతల ఉన్నదాన్ని వదిలేయగలిగినంత కాలం అది సేకరణ. అలాగని మధ్యలో గోడేమీ లేదు. కొన్నేళ్లు చక్కగా సేకరించి, తర్వాత అమర్చుకునే ఓపిక పోయి కేవలం పోగేసే దశకు జారినవాళ్లు కూడా ఉంటారు.

మధ్యాహ్నం

అర్థమైంది, థాంక్స్ అండీ. ఆయన గదిలో నడవడానికి చోటు లేదు. మా పిన్నితో మాట్లాడతాను.

గవ్వల గూడు

నేను సముద్రపు గవ్వలు, కొన్ని ఖనిజాలు, శిలాజాలు సేకరిస్తాను. గడి, హద్దు రెండూ ఒప్పుకుంటాను. వాటికన్నా ముఖ్యమైనదాన్ని ఇంకా ఎవరూ చెప్పలేదు. చీటీ. ఎక్కడ దొరికింది, ఎప్పుడు, ఎవరు తీశారు. ఆ చీటీ పోతే నా దగ్గరున్నది ఒక అందమైన గవ్వ, అంతే.

డార్విన్ కథ దీనికి పెద్ద ఉదాహరణ. 1835లో గాలపాగోస్ దీవుల్లో ఆయన పిచ్చుకల్లాంటి చిన్న పక్షుల్ని పట్టి భద్రపరిచాడు గానీ ఏది ఏ దీవిదో చాలావాటికి రాసుకోలేదు. 1837లో లండన్‌లో పక్షిశాస్త్రవేత్త జాన్ గూల్డ్ వాటిని చూసి ఇవి వేర్వేరు జాతులని తేల్చేసరికి, దీవి పేరు ఎంత ముఖ్యమో తెలిసింది. అప్పుడు డార్విన్ అదే ఓడలో వచ్చిన కెప్టెన్ ఫిట్జ్‌రాయ్ లాంటివాళ్లు చీటీలు రాసి దాచుకున్న పక్షుల్ని ఆసరా చేసుకోవాల్సి వచ్చింది. పక్షులు రెండు చోట్లా ఉన్నాయి, పనికొచ్చింది మాత్రం చీటీ ఉన్నవే.

ఇంకొకటి. బ్రిటన్‌లో పక్షి గుడ్ల సేకరణ ఒకప్పుడు పెద్ద వ్యాపకం. పక్షులకు హాని కాబట్టి దాన్ని చట్టం ఆపింది, ఆపడమే సరైనది. కానీ 1967లో డెరెక్ రాట్‌క్లిఫ్ అనే శాస్త్రవేత్త ఆ పాత సేకరణల్లోని డేగల గుడ్లను తూచి, కొలిచి చూశాడు. 1947 ప్రాంతం నుంచి పెంకులు పలచబడ్డాయని తేలింది. పొలాల్లో చల్లిన డీడీటీ కారణమని తర్వాత రుజువైంది. ఆ గుడ్లు తీసినవాళ్లకు పురుగుమందుల సంగతి ఏమీ తెలియదు. ప్రతి గుడ్డుకూ తేదీ రాసుకున్నారు, అంతే. ఆ తేదీలు లేకపోతే ఆ పెట్టెలన్నీ వ్యర్థం.

మనం దేనికి పనికొస్తుందో తెలియకుండానే రాసుకుంటాం. నాణేనికైనా రికార్డుకైనా ఇదే వర్తిస్తుందని నా నమ్మకం.

ఎర్ర లేబుల్

గవ్వల గూడు గారూ, మీ మాటలో బలముంది గానీ నాకు ఒక అభ్యంతరం. నేను నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత గ్రామఫోన్ రికార్డులు సేకరిస్తాను. రికార్డు మీద కంపెనీ లేబుల్ ఉంటుంది, లేబుల్ చుట్టూ ఖాళీ జాగాలో గీకిన మ్యాట్రిక్స్ నంబరు ఉంటుంది. దాన్నిబట్టి ఏ రికార్డింగో, చాలాసార్లు ఎన్నో టేకో కూడా తెలుస్తుంది. అదంతా రాసుకుంటాను. అయినా నాకు రికార్డు అంటే పాటే. పక్కకు మూడు నిమిషాలు పాడే ఆ లక్క పళ్లాన్ని వినకుండా ఉంచితే సేకరించి ఏం లాభం?

అసలు చిక్కు ఇక్కడుంది. విన్న ప్రతిసారీ గాడి కొంచెం అరుగుతుంది. పాత యంత్రం మీద స్టీలు ముల్లుతో వేస్తే మరీ ఎక్కువ. వినకపోతే వస్తువు మిగులుతుంది, వింటే పాట మిగులుతుంది. పుస్తకాలవాళ్లకు, బొమ్మలవాళ్లకు కూడా ఈ బాధ ఉంటుందనుకుంటాను. పెట్టె తెరవని బొమ్మకే విలువ ఎక్కువట. ఆడుకోవడానికి చేసిన వస్తువును ఆడుకోకుండా ఉంచడం నా మనసుకు ఎక్కదు.

స్టాంపుల పెట్టె

మా దగ్గర ఇది ఇంకాస్త చిత్రంగా ఉంటుంది. వాడని స్టాంపు, వెనక జిగురు చెక్కుచెదరనిది, ఒక రకం విలువ. వాడిన స్టాంపు ఇంకో రకం. ముద్ర పడగానే స్టాంపు పాడైందని అనుకోనక్కర్లేదు, ఒక్కోసారి ముద్రే ప్రాణం పోస్తుంది. పెన్నీ బ్లాక్ మే 6 నుంచి చెల్లాలి కదా. కొన్ని తపాలా కార్యాలయాలు ముందే అమ్మేశాయి. 1840 మే 2 తేదీతో స్టాంపు అంటించి పోస్టు చేసిన కవరు ఉంది. ఆ స్టాంపును కవరు నుంచి ఊడదీస్తే మామూలు పెన్నీ బ్లాక్. కవరు మీదే ఉంటే చరిత్ర. వాడకమే అక్కడ చీటీ అయింది.

అందుకే కొత్తవాళ్లకు ముందు చెప్పే మాట: పాత కవరు దొరికితే స్టాంపును నీళ్లలో నానబెట్టకండి.

నాణేల సంచి

శుభ్రం చేయడం విషయానికి వద్దాం, నాణేల్లో ఇదే పెద్ద తగువు. వెండి నాణేనికి గాలిలోని గంధకం తగిలి పైన సన్నటి పొర కడుతుంది. ఒక్కోసారి నల్లగా, ఒక్కోసారి నీలం, ఊదా, బంగారు రంగుల్లో. కొత్తగా వచ్చినవాళ్లు దాన్ని మురికి అనుకుని తళతళలాడేలా రుద్దేస్తారు. రుద్దితే లోహం పై పొర పోతుంది, గీతలు పడతాయి, టంకశాలలో అచ్చుపడినప్పుడు వచ్చిన మెరుపు ఇక తిరిగి రాదు. పరీక్షించేవాడు భూతద్దంతో చూసిన వెంటనే పట్టేస్తాడు.

విలియం షెల్డన్ 1949లో ‘పెద్ద సెంట్లు’ అనే పాత అమెరికన్ రాగి నాణేల కోసం 1 నుంచి 70 దాకా ఒక కొలమానం పెట్టాడు. ఇవాళ నాణేల స్థితిని చెప్పడానికి చాలాచోట్ల వాడేది దాని నుంచి వచ్చిందే. రికార్డులవాళ్లకు, కామిక్స్ వాళ్లకు, కార్డులవాళ్లకు ఎవరి కొలమానం వారికుంది. అన్నీ అడిగేది ఒకటే: తయారైన రోజుకు ఇది ఎంత దగ్గరగా ఉంది? మధ్యలో జరిగింది దాచిపెట్టి కొత్తదానిలా కనబడేలా చేయడాన్ని ఏ రంగమూ ఒప్పుకోదు. శుభ్రం చేయడం మీద అంత కోపం అందుకే. రుద్దిన నాణెం అబద్ధం చెబుతుంది.

ఎర్ర లేబుల్ గారూ, మీ గాడి అరుగుదల మాత్రం నిజమే చెబుతుంది. నేనైతే వినమంటాను.

గవ్వల గూడు

రుద్దకపోయినా పాడయ్యేవి ఉన్నాయి. గవ్వల్ని ఓక్ చెక్క బీరువాల్లో పెడితే చెక్క నుంచి వచ్చే ఆమ్లపు ఆవిర్లు తగిలి పైన తెల్లటి పొడి పూస్తుంది, మెల్లగా తినేస్తుంది. పందొమ్మిదో శతాబ్దం చివర్లో దీని గురించి రాసిన బైన్ పేరుతో ‘బైన్ జబ్బు’ అంటారు. చాలాకాలం సూక్ష్మజీవుల పని అనుకున్నారు. కాపాడటానికి చేయించిన ఖరీదైన బీరువాయే శత్రువు. పైరైట్ ఖనిజం ఇంకా ఘోరం. గాలిలో తేమ ఎక్కువైతే దానిలోంచి గంధకామ్లం పుట్టి రాయి పొడైపోతుంది, పక్కనున్న కాగితపు చీటీని కూడా తినేస్తుంది.

నాణేల సంచి

నాణేల్లోనూ మెత్తటి పీవీసీ ప్లాస్టిక్ కవర్లు పచ్చటి జిగురు పట్టిస్తాయి. స్టాంపులకూ అవి మంచివి కావు. సేకరించే ప్రతివాడూ చివరికి కొంచెం కెమిస్ట్రీ నేర్చుకోవాల్సిందే.

అగ్గిపెట్టె

నాది అందరికన్నా చవకైన వ్యాపకం, అగ్గిపెట్టెల లేబుళ్లు. అందుకే నాకు ‘అరుదు’ అనే మాట వేరేలా కనబడుతుంది.

దాచుకోవాలని ఎవరూ అనుకోనివే అరుదవుతాయి. అగ్గిపుల్లలు అయిపోగానే పెట్టె పారేస్తారు, అందుకే కోట్లలో అచ్చయిన లేబుల్ కూడా ఒకటో రెండో మిగులుతుంది. 1938, 1939 నాటి అమెరికన్ కామిక్స్‌కు అంత విలువ రావడానికి కారణం కూడా ఇదే. పిల్లలు చదివి పారేశారు, యుద్ధకాలంలో పాత కాగితం పోగుచేసినప్పుడు మిగిలినవీ పోయాయి. ఎర్ర లేబుల్ గారి లక్క రికార్డుల్ని కూడా అప్పట్లో కరిగించి కొత్తవి చేయడానికి వెనక్కి తీసుకున్నారు. 1990ల్లో దీనికి తలకిందులుగా జరిగింది. విలువ పెరుగుతుందని ఆశపడి జనం ఒకే కామిక్ ప్రతులు నాలుగైదు కొని, కవర్లు తెరవకుండా దాచారు. అందరూ దాచారు కాబట్టి అవి ఇవాళ్టికీ కుప్పలుగా దొరుకుతున్నాయి. ‘కలెక్టర్స్ ఎడిషన్’ అని రాసి అమ్మేవాటి మీద నాకు అస్సలు నమ్మకం లేదు. సేకరించడానికే చేసిన వస్తువు అరుదు కావడం కష్టం.

తప్పచ్చుల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 1918లో అమెరికా విమానం స్టాంపులో బొమ్మ తలకిందులుగా పడిన ఒక్క షీటు, 100 స్టాంపులు, జనం చేతికి వచ్చింది. 1943లో రాగి పొదుపు చేయడానికి సెంట్లను స్టీలుతో చేస్తుంటే, పాత కంచు బిళ్లలు కొన్ని యంత్రంలో మిగిలిపోయి కంచు సెంట్లు కొద్దిగా పుట్టాయి. రెండూ పారేయాల్సిన పొరపాట్లే. వాటిని చూస్తే కార్ఖానాలో ఆ పూట ఏం జరిగిందో కనబడుతుంది. నాకు అందులో చాలా ఆసక్తి.

గవ్వల గూడు

అరుదు మీద మా వైపు కథ. కోనస్ గ్లోరియామారిస్ అనే కోను ఆకారపు గవ్వ 1777లోనే పుస్తకాలకెక్కింది. తర్వాత దాదాపు రెండు వందల ఏళ్లపాటు కొద్ది ప్రతులే తెలుసు. రాజులు, ధనవంతులు దానికోసం పోటీపడ్డారు. 1969లో ఈతగాళ్లు సోలొమన్ దీవుల్లో గ్వాడల్‌కెనాల్ దగ్గర అవి బతికే చోటు కనుక్కున్నారు. ధర పడిపోయింది. ఇప్పుడు చాలామంది సేకరణల్లో ఉంది.

సన్నటి బంగారు గీతల వల లాంటి అల్లిక ఆ గవ్వది. 1968లో ఎంత అందంగా ఉందో 1970లోనూ అంతే. ధర పడ్డాక దాన్ని వదిలేసినవాళ్లు దేన్ని సేకరిస్తున్నారో నాకు అర్థం కాదు.

అట్టముక్క

అరుదును సేకరిస్తున్నారు. అది కూడా ఒక రకం సేకరణే కదండీ, తప్పని ఎందుకనాలి?

గవ్వల గూడు

తప్పని అనను. గవ్వల సేకరణ అని మాత్రం అనను.

పక్షి పుస్తకం

నా దగ్గర ఒక్క వస్తువూ లేదు, అయినా నేను ఈ చర్చలోకి వస్తానని అనుకుంటున్నాను. పక్షుల్ని చూసి జాబితా రాసుకుంటాను. చూసిన జాతి, తేదీ, చోటు. అంతే.

ఫీబీ స్నెట్సింగర్ అనే అమెరికన్ మహిళకు 1981లో క్యాన్సర్ ముదిరిందని చెప్పారు. ఆమె ఇంట్లో కూర్చోకుండా ప్రపంచం తిరగడం మొదలుపెట్టి, 1999లో మడగాస్కర్‌లో రోడ్డు ప్రమాదంలో పోయేనాటికి 8,000కు పైగా జాతుల్ని చూసింది. అంతవరకు ఎవరి జాబితా అంత పెద్దది కాదు. ప్రతి పక్షికీ కార్డుల మీద నోట్సు రాసుకునేది. స్కాట్లండ్‌లో 3,000 అడుగులు దాటిన కొండల జాబితాను హ్యూ మన్రో 1891లో అచ్చువేశాడు. ఇప్పుడు ఆ లెక్కలో 282 శిఖరాలున్నాయి. వాటన్నిటినీ ఎక్కడం వేలమందికి వ్యాపకం. జాబితా చేసిన మన్రో మాత్రం అన్నీ ఎక్కకుండానే 1919లో పోయాడు.

మొదటి ప్రశ్నకు నా జవాబు ఇందులో ఉంది. గడిని గీసేది జాబితా రాసినవాడు. శాస్త్రవేత్తలు ఒక జాతిని రెండుగా విడగొడితే, రెండు చోట్లా చూసి ఉన్న నాకు ఇంట్లో కూర్చుండగానే ఒక పక్షి కలుస్తుంది. ఎత్తులు మళ్లీ కొలిచి ఒక కొండను జాబితా నుంచి తీసేస్తే, ఎక్కిన కొండ ఎక్కడికీ పోదు గానీ జనం అక్కడికి వెళ్లడం తగ్గుతుంది. స్టాంపుల కేటలాగులో కొత్త నంబరు చేరితే మీరూ వెతకడం మొదలుపెడతారు కదా. మనమంతా ఎవరో రాసిన పేజీ చేతిలో పట్టుకుని తిరుగుతున్నవాళ్లం.

స్టాంపుల పెట్టె

సగం ఒప్పుకుంటాను. కేటలాగుతో మొదలుపెడతాం, అది నిజం. కానీ నిజంగా ఎదిగిన సేకరణలు కేటలాగును దాటిపోతాయి. అచ్చులో లేని తేడాలను కనిపెట్టి తర్వాతి కేటలాగులో చేర్పించేది సేకరించేవాళ్లే. ఎవరో రాసిన పేజీతో బయల్దేరి, ఆ పేజీని దిద్దే దాకా వెళ్లడం. మీ పక్షుల దగ్గర కూడా అంతే కదా, ఎక్కడా నమోదు కాని చోట పక్షిని చూసి రాసింది మీలాంటివాళ్లేగా?

పక్షి పుస్తకం

అవును. ఆ మాట ఒప్పుకోవాల్సిందే.

పాత కాగితం

డబ్బు సంగతి ఎవరూ ఎత్తలేదు. డబ్బున్నవాళ్ల పని ఇది అనుకునేవాళ్ల కోసం ఒక జంట గురించి చెబుతాను. న్యూయార్క్‌లో హెర్బర్ట్ వోగెల్ తపాలా ఉద్యోగి, డొరొతీ వోగెల్ లైబ్రేరియన్. ఆమె జీతంతో ఇల్లు గడుపుకుని, ఆయన జీతంతో కొత్త చిత్రకారుల బొమ్మలు కొన్నారు. రెండే నియమాలు: తమ స్తోమతకు అందాలి, చిన్న అపార్ట్‌మెంట్‌లో పట్టాలి. నలభై ఏళ్లకు పైగా అలా పోగుచేసినవి నాలుగు వేలు దాటాయి. ఒక్కటీ అమ్ముకోలేదు. 1992లో వాషింగ్టన్‌లోని నేషనల్ గ్యాలరీకి ఇవ్వడానికి ఒప్పుకున్నారు. తర్వాత అమెరికాలోని 50 రాష్ట్రాల్లో ఒక్కో మ్యూజియానికి 50 చొప్పున పంచారు.

ఇల్లు చిన్నది కావడమే వాళ్లకు హద్దు గీసింది. చాలా గొప్ప హద్దు అది.

మధ్యాహ్నం

మన తర్వాత ఇదంతా ఎవరిది అని మొదటి పోస్టులో అడిగారు. దానికి ఎవరూ జవాబు చెప్పలేదు.

పాత కాగితం

రెండు దారులున్నాయి. హాన్స్ స్లోన్ తన 71,000 వస్తువులను దేశానికి దక్కేలా వీలునామా రాస్తే, 1753లో బ్రిటిష్ మ్యూజియం పుట్టింది. ఫెరారీ కూడా ఒకే చోట ఉండాలనే కోరాడు, చెల్లాచెదురైంది. మొదటిదే మంచిదని అందరూ అనుకుంటారు. ఉత్తరాల విషయంలో నేనూ అదే అంటాను, ఒకే కుటుంబం రాసుకున్నవి విడిపోతే సగం అర్థం పోతుంది.

నాణేల సంచి

నేను వేలం వైపు. ఫెరారీ సేకరణ చెదిరింది కాబట్టే తర్వాతి తరం కలెక్టర్లకు మంచి స్టాంపులు చేరాయి. నా ట్రేలో ఉన్న ప్రతి నాణెమూ ఎవరిదో సేకరణ విడిపోతేనే వచ్చింది. అన్నీ మ్యూజియం గోదాముల్లోకి పోతే కొత్తవాడు దేన్ని పట్టుకుని నేర్చుకుంటాడు? విడిపోయినా పరవాలేదు, పాత యజమాని చీటీ మాత్రం వస్తువుతోపాటు వెళ్లాలి. నేలలోంచి తవ్వి దొంగతనంగా అమ్మే నాణేల మీద నాకు కోపం కూడా అందుకే. 1970లో యునెస్కో ఒప్పందం సాంస్కృతిక వస్తువుల దొంగ రవాణా మీద వచ్చింది. చట్టం సంగతి అలా ఉంచి చూసినా, ఏ కుండలో, ఏ పొరలో, వేటితో కలిసి దొరికిందో తెలియని నాణెం సగం మూగదైపోతుంది. అలాంటిది ఎంత అందంగా ఉన్నా తీసుకోను.

ఎర్ర లేబుల్

నేను ఎంత వాదించినా అందరం గవ్వల గూడు గారి చీటీ దగ్గరికే వస్తున్నాం. సరే, పాటకూ చీటీ కావాలి. ఎవరు పాడారో, ఏ ఏడాదో తెలియని రికార్డు విన్నప్పుడు మొదట చేసేది ఆ నంబరు పట్టుకుని వెతకడమే.

కొత్త ఆల్బమ్

నమస్కారం అందరికీ. నేను ఈ మధ్యే పోస్టుకార్డులతో మొదలుపెట్టాను. చర్చంతా చదివాక టెన్షన్ వచ్చింది, నేను ఏమీ రాసుకోవట్లేదు. చీటీ మీద ఏం రాయాలి, దేనితో రాయాలి? నోటుబుక్కా, కంప్యూటరా?

గవ్వల గూడు

టెన్షన్ వద్దండీ, ఇప్పుడే మొదలుపెట్టారు కాబట్టి తేలిక. ప్రతిదానికీ ఒక వరస నంబరు ఇవ్వండి. నంబరు, ఎక్కడ దొరికింది, ఏ తేదీ, ఎవరి నుంచి వచ్చింది, వచ్చేసరికి ఎలా ఉంది. ఇంత చాలు. తెలియనిదాన్ని ఊహించి నింపొద్దు, ‘తెలియదు’ అని రాయండి.

పాత కాగితం

పోస్టుకార్డు మీద పెన్నుతో ఏమీ రాయకండి. ఆమ్లం లేని కాగితపు చీటీ మీద మెత్తటి పెన్సిల్‌తో రాసి, కార్డుతోపాటు కవర్లో పెట్టండి. కవరు మీదే రాయాలనుకుంటే కార్డు లోపల పెట్టకముందే రాయండి, తర్వాత రాస్తే ఒత్తిడికి కార్డు మీద గాట్లు పడతాయి. కవరు పాలిస్టర్‌దో పాలీప్రొపిలీన్‌దో అయి ఉండాలి, పీవీసీ వద్దు. సెల్లో టేపు దగ్గరికి కూడా రానివ్వకండి. నోటుబుక్కూ కంప్యూటరూ రెండూ వాడండి. కంప్యూటర్‌లో వెతకడం సులువు, నోటుబుక్కు ఇంట్లోవాళ్లకు కనబడుతుంది.

కొత్త ఆల్బమ్

ఇవాళే నంబర్లు వేయడం మొదలుపెడతాను. చాలా థాంక్స్ అండీ. కవరు పీవీసీదో కాదో ఎలా తెలుస్తుంది?

నాణేల సంచి

కొత్త కారు లోపలి వాసన లాంటి ఘాటు వాసన వచ్చి, మెత్తగా సాగుతూ ఉంటే అనుమానించండి. కొనేటప్పుడు ప్యాకెట్ మీద ఏ ప్లాస్టిక్కో రాసి ఉన్నవే తీసుకోండి, రాయనివి వదిలేయండి.